కుడివైపు నడిచే బెల్లం

ఆదివారం సాయంత్రం అపార్ట్‌మెంట్ మీటింగ్. ఆలోగా కుక్క బెల్లానికి మంచి ట్రైనర్‌ను కుదర్చాలి, లేదంటే దాన్ని ఊరి బయట షెల్టర్‌కు పంపేయాలి. పోయిన వారం భానుప్రియ ఇల్లు ఈ మాట మీదే అన్నం తినకుండా పడుకుంది.

బెల్లం చేసిన నేరం చిన్నదేమీ కాదు. లిఫ్ట్ దగ్గర విజయేందర్ మీదికి దూకి, మోకాలి కింద పైజామా చించేసింది. పంటి గాటు పడలేదు. కానీ ఆయన అసోసియేషన్ ప్రెసిడెంట్. పైగా అంతకుముందే నీళ్ళ క్యాన్లు తెచ్చే మనిషి మీద, కింది ఫ్లాట్ ఆవిడ మీద కూడా బెల్లం అలాగే దూకి ఉంది. చట్టం తమ వైపే ఉందని పైడిబాబు ఎక్కడో చదివాడు. “చట్టం లిఫ్ట్‌లో మనతో పాటు రాదు కదా. రోజూ మొహాలు చూసుకోవాల్సింది వీళ్ళవే” అని తనే మళ్ళీ అన్నాడు. అతను భానుప్రియ భర్త, మేనత్త కొడుకు. ఇద్దరి ఊళ్ళూ అనకాపల్లి పక్కనే. పెళ్ళయ్యాక నేరేడ్‌మెట్‌లో ఈ ఫ్లాట్‌కు వచ్చారు. వాళ్ళతో పాటు పైడిబాబు తల్లి గవరమ్మా వచ్చింది. వీధిలో దొరికిన కుక్కపిల్లకు దాని రంగు చూసి బెల్లం అని పేరు పెట్టింది ఆవిడే.

ట్రైనర్ల కోసం పైడిబాబు ఫోన్‌లో వెతికాడు. వాళ్ళ గురించి జనం రాసినవి చదివాడు, వీడియోలు చూశాడు. మొదట వచ్చిన మనిషికి ఊరి బయట పెద్ద కెన్నెల్ ఉంది. కుక్కను కొన్నాళ్ళు తన దగ్గర వదిలేయమన్నాడు. మధ్యలో చూడ్డానికి మాత్రం రావద్దన్నాడు. “సూడ్డానికి రావద్దన్నోడికి నా కుక్కనెందుకిస్తాను?” అని గవరమ్మ అక్కడికక్కడే తేల్చేసింది.

రెండో మనిషి డేవిడ్ రాజు. సైన్యంలో కుక్కల దళంలో పనిచేసి, రిటైరై తిరుమలగిరిలో ఉంటున్నాడు. ఆయన బెల్లాన్ని ముట్టుకోనైనా లేదు. టీ తాగుతూ ఒకే ఒక్క మాట అడిగాడు. “ఎవరి మీద దూకిందో నాకొద్దు. ఎటువైపు నుంచి వచ్చినవాళ్ళ మీద దూకిందో చెప్పండి.” ఎవరికీ గుర్తు లేదు. “గుర్తు చేసుకుని ఫోన్ చేయండి. ఒక రోజంతా మీ ఇంట్లో కూర్చుంటాను. మీరు మీ పనులు చేసుకోండి, కుక్క దాని పని అది చేసుకుంటుంది. ఆ తర్వాతే పని ఒప్పుకోవడమో మానడమో” అని లేచాడు.

ఆయన గేటు దాటాక పైడిబాబు నవ్వాడు. “ఊరికే కూర్చోడానికి ట్రైనర్ ఎందుకే? ఆ పనికి నేను లేనా?”

అలా మిగిలింది డోరా.

*

ఆదివారం పొద్దున సీతాఫల్‌మండి నుంచి స్కూటర్ మీద వచ్చింది డోరా. ముప్పై ఏళ్ళ లోపు పిల్ల. నడుముకు చిన్న సంచీ కట్టుకుంది, అందులో ఉడికించిన చికెన్ ముక్కలు. సెల్లార్‌లోకి దిగీ దిగగానే మొదట చెప్పిన మాట పైడిబాబుకు నచ్చింది.

“సర్, ముందే చెప్తున్న. గొలుసు బిగించుడు, కొట్టుడు నా దగ్గర ఉండవు. నేను లేనప్పుడు మీరు గూడ కొట్టొద్దు. నేనేం చేస్తున్ననో పక్కన నిలబడి చూడండి. నచ్చకపోతే మధ్యల ఆపమని చెప్పండి, ఫీలవ్వను.”

“కొట్టకండా తిట్టకండా మా వోడే పెరగలేదు. కుక్కెలగ పెరుగుద్దే?” అంది గవరమ్మ.

“అందుకే కదమ్మా నేనిలా తయారయ్యాను” అన్నాడు పైడిబాబు.

విజయేందర్ అప్పటికే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పేపర్ మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తీర్పు చెప్పడానికి వచ్చినవాడిలా ఉన్నాడు గానీ, మొహంలో వేడుక చూసే కుతూహలమే ఎక్కువగా ఉంది.

“ఏం మేడం, ఒక్క పొద్దుల్నే కుక్కకు బుద్ధొస్తదా? మా అల్లునికి ఏండ్ల సంది చెప్తున్న, ఇంక రాలే.”

“అల్లుడికి చికెన్ ముక్క పెట్టి చూసిన్రా అంకుల్?”

“వానికి ముక్క గాదమ్మా, కోడికి కోడే పెట్టిన!”

అందరూ నవ్వారు. బెల్లం కూడా తోక ఊపింది. అంతటితో సెల్లార్‌లో గాలి కాస్త తేలికపడింది.

డోరాకు పని తెలుసు. అది భానుప్రియకు కాసేపట్లోనే అర్థమైంది. చిలకలగూడ బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే మనిషి భానుప్రియ. పిల్ల తప్పు చేసినప్పుడు టీచర్ గొంతు ఎలా ఉంటుందో దాన్ని బట్టి మంచి టీచర్‌ను పోల్చుకోగలదు. బెల్లం మాట విననప్పుడు డోరా గొంతు మారలేదు. చేయి కూడా తొందరపడలేదు. కూర్చోమంటే కూర్చుంది బెల్లం. ఆగమంటే ఆగింది. డోరా పిలిస్తే విజయేందర్ కుర్చీ పక్క నుంచే వెళ్ళింది, ఆయన వైపు చూడకుండా.

“అరె, నన్ను గుర్తు గూడ పట్టలే!” అన్నాడాయన, కొంచెం నిరాశగా.

తర్వాత నడక. “కుక్క ఎప్పుడూ మన ఎడమ పక్కన నడవాలె” అని చెప్పింది డోరా. “మేము అందరికీ అట్లనే నేర్పుతం. ఎప్పుడూ ఒక్క పక్కనే ఉంటే కాళ్ళకు అడ్డం పడదు, దానికి గూడ పరేషాన్ ఉండదు.”

డోరాతో ఎడమ పక్కనే నడిచింది బెల్లం. పైడిబాబుతోనూ నడిచింది. భానుప్రియతో అయితే తల ఎత్తి మొహం చూస్తూ మరీ నడిచింది.

“ఇప్పుడు ఆంటీ. రోజూ దీన్ని బయటికి తీస్కపోయేది మీరే కదా?”

గవరమ్మ చీర కొంగు దోపుకుని తాడు అందుకుంది. రెండడుగులు వేసేసరికి బెల్లం వెనక నుంచి తిరిగి కుడి పక్కకు వచ్చింది. డోరా మళ్ళీ ఎడమకు తెచ్చింది. మళ్ళీ కుడికి వెళ్ళింది. ముక్క చూపించినా ముక్క తిని, మూతి నాక్కుని, తీరిగ్గా కుడి పక్కకే చేరింది.

“ఇది మీ ఒక్కరి దగ్గర్నే మొండి చేస్తుంది ఆంటీ. మస్తు గారాబం చేసినట్టున్నరు.”

“అమ్మే పాడు చేసింది. వద్దంటే వినదు” అన్నాడు పైడిబాబు.

భానుప్రియ అత్త మొహం చూసింది. ఏ మాటకైనా మారుమాట లేకుండా ఉండని మనిషి. ఇప్పుడు ఊరికే నవ్వి ఊరుకుంది.

డోరా ఓపిగ్గా బెల్లాన్ని తన చేతి వాసనతో ఎడమకు తెచ్చి, పక్కనే తానూ నడుస్తూ, “ఇప్పుడు పదండాంటీ” అంది. ఈసారి బెల్లం ఎడమనే నడిచింది. కానీ మెడ తిప్పి తిప్పి కుడి పక్కకు చూస్తోంది. చిన్నగా మూలుగుతోంది. నాలుగు స్తంభాలు దాటారు. అయిదో స్తంభం పక్కన ఆపి ఉన్న స్కూటర్ అద్దం గవరమ్మ కుడి మోచేతికి ఠక్కున తగిలింది.

“ఓలమ్మో! ఈ బండెవరెట్టేరిక్కడ?”

“పొద్దుగాల నుంచి గక్కడ్నే ఉంది పెద్దమ్మా. నాదే” అన్నాడు విజయేందర్.

బెల్లం తాడు విదిలించుకుని గవరమ్మ కుడి పక్కకు వచ్చి, ఆవిడ కాలికి ఒళ్ళు ఆనించి నిలబడింది. డోరా దాన్ని చూసి చిన్నగా తల పంకించింది. “ఒక్క రోజుల కాదు లెండి. రేపటి నుంచి రోజూ వస్తా. నెల తిరిగేసరికి ఎడమకు అలవాటైతది.”

పైడిబాబు మొహం వెలిగింది. “ఇక వేరేవాళ్ళను చూసేదేం లేదు. సాయంత్రం మీటింగ్‌కు మీరూ రండి మేడం. మీరే చెబితే వాళ్ళకూ నమ్మకం కుదురుతుంది.”

భానుప్రియ స్కూటర్ అద్దం వంక చూస్తోంది. ర్యాంపు మీంచి పడుతున్న ఎండలో మెరుస్తోంది అది. కళ్ళున్న వాళ్ళెవరికైనా కనిపించే అద్దం.

*

గవరమ్మ వంటింట్లో కింద కూర్చుని దొండకాయలు తరుగుతోంది. అలవాటైన చోటు. కుడి భుజం గోడకు ఆనుకుని ఉంటుంది. ఆ చోటు నుంచి ఆవిడను లేపడం ఎవరి వల్లా కాదు. పీట ఎటు వేసినా జరుపుకుని గోడ పక్కకే చేర్చుకుంటుంది. బెల్లం గుమ్మంలో పడుకుని ఉంది.

భానుప్రియ గట్టుకు ఆనుకుని నిలబడింది. డేవిడ్ రాజు అడిగిన మాట ఇన్నాళ్ళూ కాలిలో ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి. లిఫ్ట్ ముందు నిలబడితే మెట్లు కుడి పక్కన. విజయేందర్ మెట్లు దిగి వచ్చాడు. నీళ్ళ క్యాన్ల మనిషి కారిడార్‌లో కుడి నుంచే వచ్చాడు. అత్త ఉలిక్కిపడి ‘ఓలమ్మో’ అంది, ఆ తర్వాతే బెల్లం దూకింది. కింది ఫ్లాట్ ఆవిడ వచ్చిన రోజూ అంతే. ముందు అత్త ఉలికిపాటు, తర్వాత కుక్క. తాము ఎప్పుడూ కుక్కనే చూశారు.

ఇంకా ఉన్నాయి. టీ పోస్తే గ్లాసుకు కుడి పక్కన ఒలికే చుక్కలు. తలుపు రెక్క తగిలి తరచూ నల్లబడే అదే మోచేయి. కుడి పక్కన కూర్చున్న వాళ్ళు మాట్లాడితే మొహమంతా తిప్పి చూసే తీరు.

“అత్తా.”

“ఏటే?”

“నీ ఎడమ కన్ను మూసుకో.”

కత్తి ఆగింది. “ఏటే పిల్లా, నాకు పరీక్షలెడతన్నావా? నీ బడిలో పిల్లగుంటలనుకున్నావేటి?”

“ఒక్కసారి మూసుకో అత్తా.”

గవరమ్మ కోడలి వంక చాలాసేపు చూసింది. తర్వాత దొండకాయ ముక్క పళ్ళెంలో వేసి, తడి చేత్తో ఎడమ కన్ను మూసుకుంది. భానుప్రియ చెప్పులు లేని కాళ్ళతో చప్పుడు చేయకుండా రెండడుగులు పక్కకు జరిగింది.

“ఇప్పుడు నేనెక్కడున్నాను?”

కుక్కర్‌లో ఆవిరి సన్నగా కూస్తోంది. గవరమ్మ మొహం ఇందాక భానుప్రియ నిలబడిన చోటువైపే ఉంది.

“అక్కడే ఉన్నావు కదే” అంది గవరమ్మ. గొంతులో ధీమా లేదు. కాసేపటికి చేయి తీసేసి, మళ్ళీ కత్తి అందుకుంది. “తెలిసిపోనాదన్నమాట.”

“ఎప్పటి నుంచి?”

“ఈ సిటీకొచ్చిన కొత్తల్లోనే మొదలైనాది. రాత్రి పూట దీపాల సుట్టూ రంగులు కనపడేవి. ఇంద్రధనస్సు సుట్టినట్టు గుండ్రంగా. ఎంత బాగుండేవో! సిటీ దీపాలిలగే ఉంటాయి కాబోలనుకున్నాను. మనూరి దీపాలకేటుంది రంగు?” నవ్వబోయి మానేసింది. “తర్వాత ఒక్కో పక్కా మూసుకుపోనాది. ఇప్పుడా కంట్లో వెలుగే లేదు.”

“డాక్టర్‌కు చూపించుకోలేదా? ఇన్నాళ్ళూ?”

“ఏటని సూపిస్తాను? మీ నాయనమ్మకీ ఇదే కదా. నీటికాసులు. ఒక్కో కన్నూ ఆర్పేసే జబ్బు.”

భానుప్రియకు నాయనమ్మ గుర్తొచ్చింది. మంచం మీద ఎప్పుడూ ఒక పక్కకే తిరిగి కూర్చున్న ముసలావిడ. బడి నుంచి రాగానే ఆవిడ నోట్లో అన్నం ముద్దలు పెట్టేది తను.

“మీ నాన్నా మీ బాబాయీ అమ్మని బంగారంలా సూసుకున్నారే. నానేం మాటంటంలేదు” అంది గవరమ్మ. “నీళ్ళు మంచం కాడికే, కూడు మంచం కాడికే. కాలు కింద పెట్టనీలేదు. ఆఖర్న ఒకనాడు నన్నడిగింది. ‘అమ్మీ, మనింటి గుమ్మం ఎటేపు?’ అని. తను కాపరానికొచ్చిన ఇంట్లో గుమ్మమెటుందో మర్సిపోనాది. అది సూసిన్నాడే అనుకున్నాను, నాకీ బతుకొద్దని.”

“బావ అలా చెయ్యడు అత్తా.”

“సేస్తాడే. ప్రేమతోటే సేస్తాడు. ‘అమ్మా, కూరగాయలు ఫోన్లో వచ్చేస్తన్నాయి, నీకెందుకు తిరుగుడు?’ అంటాడు. ఇప్పుడే అంటన్నాడు. పొద్దున్నే ఆ కూడలి కాడ బళ్ళ దగ్గరికెళ్ళి, వంకాయల కాడ ఒకర్తెతో, ఆకుకూరల కాడ ఇంకొకర్తెతో నాలుగు మాటలాడితేనే నాకిక్కడ ఊపిరాడతాది. దాన్ని నానేటీ నేర్పలేదు.” గుమ్మంలోని బెల్లం వైపు గడ్డం ఎత్తింది. “గుద్దుకుని గుద్దుకుని ‘ఓలమ్మో’ అనేదాన్ని. అది వినీ వినీ ఆ పక్కకొచ్చి నడవడం మొదలెట్టింది. గొయ్యొస్తే నా కాలికి అడ్డం నిలబడతాది. నన్ను ఉలిక్కిపడేలా సేసినోళ్ళ మీద దానికి కోపం. అంతే.”

భానుప్రియ అత్త పక్కన, ఎడమ వైపు కింద కూర్చుంది. “రేపటి నుంచి డోరా దాన్ని ఎడమకి తెస్తుంది. బాగా నేర్పుతుంది కూడా. అప్పుడు నీ కుడి పక్కన ఎవరుంటారు?”

గవరమ్మ ఇంకో దొండకాయ అందుకుంది.

“వద్దందామా? బావ ఎందుకని అడుగుతాడు. ట్రైనర్ లేకపోతే వాళ్ళు బెల్లాన్ని ఉండనివ్వరు.”

“నువ్వు సెప్తావేటి మీ బావకి?”

“చెప్పను. అది నువ్వు చెప్పాల్సిన మాట. కానీ అతను అడిగితే అబద్ధం చెప్పడం నాకు రాదు అత్తా. ఆ సంగతి నీకూ తెలుసు.”

“తెలుసు” అంది గవరమ్మ. “నీకు నడక రాకముందు నుంచీ తెలుసు.” తరిగిన ముక్కలు పళ్ళెంలో ఒక పక్కకు తోసి, “నూనె పెట్టు” అంది. ఆ మాట ఇక అక్కడితో ఆగిపోయింది.

*

సాయంత్రం సెల్లార్‌లో కుర్చీలు వేశారు. బయట ఇంకా వెలుతురు ఉంది గానీ, లోపల స్తంభాల నీడలు సాగుతున్నాయి. నీళ్ళ మోటారు గొడవ, లిఫ్ట్ రిపేరు ఖర్చు గొడవ అయ్యాక కుక్క సంగతి వచ్చింది.

పైడిబాబు లేచి డోరాను చూపించాడు. పొద్దున జరిగిందంతా విజయేందర్ తనే చెప్పాడు. “నేనేం దుష్మన్‌ను గాదు. కండ్లార చూసిన. మేడం చెప్తే కుక్క మంచిగ ఇన్నది. నాకు ఓకే. షురూ చేయండ్రి.”

వెనక వరసలోంచి భానుప్రియ లేచి నిలబడింది. ఆ మీటింగుల్లో ఆమె గొంతు ఎవరూ విని ఎరగరు.

“డోరా గారు బాగా నేర్పుతారు. కానీ బెల్లానికి ఈవిడ వద్దు. డేవిడ్ రాజు గారిని పిలుద్దాం.”

“ఊరికే కూర్చుంటానన్నాయనా?” పైడిబాబుకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. “ఏమైంది నీకు? ఎందుకు?”

భానుప్రియ ముందున్న కుర్చీ అంచు పట్టుకుంది. చెప్పడానికి ఉన్నది ఒకటే. అది తన మాట కాదు. అందరూ తన వైపే చూస్తున్నారు.

లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. గవరమ్మ బయటికి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. కుడి చేతిలో తాడు, కుడి పక్కన బెల్లం. ఎవరి వైపూ చూడకుండా కుర్చీల మధ్య నుంచి నడిచి, విజయేందర్ ముందు ఆగింది. ఆయన కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

“బాబూ, ఆ రోజు లిఫ్ట్ కాడ నువ్వు ఏ పక్క నుంచి వచ్చేవు?”

“మెట్ల దిక్కు నుంచి. మీకు కుడి దిక్కు. ఎందుకు పెద్దమ్మా?”

“నాకా పక్క కనపడదు. ఆ కన్ను పోయి శానా కాలమైనాది. నువ్వొచ్చినట్టు నాకు తెల్దు, నానడిలిపోయేను. నన్ను అదరగొట్టేవని అది నీ మీద పడింది. తప్పు దానిది కాదు, దాచిన నాది. నీ పైజామా నానే కుట్టిస్తాను.”

పైడిబాబు నిలబడినచోటే నిలబడి ఉన్నాడు.

“నాకెందుకు చెప్పలేదమ్మా?”

“నిన్ను సూసే సెప్పలేదురా.”

“అదేం మాట? ఇలా ఉంటే ఇన్నాళ్ళూ రోడ్డు మీద ఒక్కదానివే... రేపటి నుంచి నువ్వు బయటికి...”

“అదిగో” అంది గవరమ్మ నెమ్మదిగా. “ఇందుకే.”

అతను తల్లి మొహం చూశాడు, తర్వాత బెల్లాన్ని చూశాడు. అది ఆవిడ కుడి కాలికి ఆనుకుని, కుడి వైపు వరసలో కూర్చున్న వాళ్ళను ఒక్కొక్కరినీ పరికిస్తోంది. చివరికి కుర్చీలో కూలబడ్డాడు. “సరే. ఆ డేవిడ్ రాజు గారు వచ్చి ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చోనీ” అన్నాడు.

డోరా ముందుకు వచ్చింది. “నేను పొద్దున దాన్ని తప్పు పట్టిన. అది కరెక్టే, నేనే తప్పు.” ఆమె వంగి బెల్లం మెడ కింద గోకింది. “రాజు సర్ నాకు తెలుసు, మంచి మనిషి. మనుషుల మీద దూకకుండా ఆంటీకి కాపలా ఉండుడు నేర్పాలె. ఆ పని నాకు రాదు. ఆయనకు వస్తది.”

“అట్లయితే ఫైసలా అయినట్టే” అన్నాడు విజయేందర్. “గీ ముచ్చట మొదల్నే చెప్తే అయిపోతుండె గద పెద్దమ్మా. ఇగ నుంచి నేను మీ ఎడమ దిక్కు నుంచే వస్త. జెర దూరం కెళ్ళే ‘పెద్దమ్మా’ అని కేకేస్త. సరేనా?”

ఎవరో నవ్వారు. కుర్చీలు కదిలాయి. కింది ఫ్లాట్ ఆవిడ వచ్చి, ముందు కాస్త తడబడి, చుట్టూ తిరిగి ఎడమ వైపు నుంచి గవరమ్మ చేయి పట్టుకుంది. భానుప్రియ కూడా వచ్చి అత్త ఎడమ పక్కన నిలబడింది.

చీకటి పడుతోందని వాచ్‌మన్ లైట్లు వేశాడు. సెల్లార్ పొడవునా ట్యూబ్‌లైట్లు ఒక్కొక్కటీ మిణుకు మిణుకుమని వెలిగాయి.

గవరమ్మ తల ఎత్తి చూసింది. మొహంలోని నవ్వు అలాగే ఉంది గానీ, కదలడం మానేసింది. ఎడమ పక్కన ఉన్న కోడలి మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఎవరికీ వినపడకుండా అడిగింది.

“పిల్లా, ఆ దీపం సుట్టూ రంగులు నీక్కూడా కనపడతన్నాయా?”

భానుప్రియ పైకి చూసింది. తెల్లటి వెలుతురు. అంతకుమించి అక్కడ ఏమీ లేదు.